14 ఏళ్ల పిల్లి అర్ధరాత్రి అరుస్తోందంటే

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్ మలక్‌పేటలో మీ ఇంట్లో పిల్లకూనగా అడుగుపెట్టిన చిట్టికి ఇప్పుడు 14 ఏళ్లు. రెండు నెలలుగా రాత్రి రెండు, మూడు గంటలకు హాల్లో నిలబడి గొంతెత్తి అరుస్తోంది. తిండి బాగా తింటోంది, ఇంకా పెట్టమని కాళ్లకు అడ్డం పడుతోంది, అయినా చిక్కిపోతోంది. గిన్నెలో నీళ్లు చాలక బాత్రూం బకెట్ అంచు మీద ముందుకాళ్లు పెట్టి మరీ తాగుతోంది. వారానికోసారి కక్కుతోంది, రెండుసార్లు దుప్పటి మీద మూత్రం పోసింది. దగ్గర్లో చూపిస్తే వయసైపోయిందని చెప్పి విటమిన్ సిరప్ రాసిచ్చారు. పిల్లి ఏడుపు ఇంటికి మంచిది కాదని పక్క ఫ్లాట్ వాళ్లు అంటున్నారు, మీ అత్తగారూ బెంగపడుతున్నారు. నిద్రపట్టడానికి ఏదైనా మాత్ర సగం వేయొచ్చా అని, లేదంటే ఇక బాధపెట్టకుండా శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇప్పించేయడమే నయమా అని అడిగారు.

ఇంజెక్షన్ మాట ఇప్పుడు వద్దండి. మాత్ర కూడా వద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో ముసలితనం కదా అని వదిలేయదగ్గది ఒక్కటీ లేదు. 26 ఏళ్లుగా ఈ ఊళ్లో జంతువులకు వైద్యం చేస్తున్నాను. సరిగ్గా ఇవే మాటలతో నా దగ్గరికి వచ్చిన ముసలి పిల్లుల్లో మందుతో తేరుకుని ఇంకొన్నేళ్లు హాయిగా బతికినవి చాలానే ఉన్నాయి. 14 ఏళ్ల పిల్లి అంటే మన లెక్కలో డెబ్బై దాటిన మనిషి. డెబ్బై దాటిన అమ్మ ఒకపక్క రెండింతలు తింటూ ఇంకోపక్క చిక్కిపోతుంటే, రాత్రంతా లేచి తిరుగుతుంటే, వయసేలే అని ఊరుకోం కదా. రక్తపరీక్ష చేయిస్తాం. చిట్టికీ అదే చేయించాలి.

బాగా తింటూ సన్నబడటం, కుదురు లేకపోవడం, రాత్రి అరుపులు, అప్పుడప్పుడు వాంతి, దాహం. ఈ కలయిక చూడగానే నాకు ముందు తట్టేది థైరాయిడ్. గొంతు దగ్గర ఉండే ఆ గ్రంథి పదేళ్లు దాటిన పిల్లుల్లో పెరిగి, హార్మోను అవసరానికి మించి తయారుచేయడం చాలా మామూలు. క్యాన్సరేమోనని భయపడకండి, అది అరుదు. సిమ్‌లో ఉండాల్సిన స్టవ్ హైలో మండినట్టు ఒళ్లంతా మండుతుంటుంది. తిన్నది తిన్నట్టే కరిగిపోతుంది, గుండె దడదడలాడుతుంది, నిద్ర ఉండదు. గడ్డం పైకెత్తి గొంతు మీద వేళ్లు మెల్లగా కిందికి జార్చితే, ఒక్కోసారి బఠాణీ గింజంత గడ్డ వేళ్ల కింద జారుతూ తగులుతుంది. మీరు వెతకొద్దు, అలవాటు లేనివాళ్లకు దొరకదు, పైగా పిల్లి కంగారుపడుతుంది. డాక్టర్ గారిని గొంతు పట్టి చూడమని మాత్రం అడగండి.

మీ అత్తగారు రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటారని రాశారు కదా. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఆ హార్మోను తగ్గిపోవడం, అందుకే బయటి నుంచి మాత్రగా వేసుకుంటారు. ముసలి పిల్లుల్లో జరిగేది దానికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. థైరాయిడే కదా అని ఆ మాత్ర చిట్టికి వేస్తే అగ్నికి ఆజ్యం పోసినట్టే. ఇదే మాట అత్తగారికీ చెప్పండి. తనలాగే పిల్లికీ థైరాయిడ్‌తోనే ఇబ్బంది ఉండొచ్చని, అందుకే నిద్రపట్టక అరుస్తోందని తెలిస్తే, ఆమె మనసులోని అశుభం భయం కొంతైనా తగ్గుతుంది. పెద్దవాళ్ల నమ్మకంతో వాదించడం కంటే ఇలా చెప్పడం మంచిదని ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నాను. పక్కింటివాళ్లకు కూడా, ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నాం, కొన్ని వారాల్లో తగ్గుతుంది అని ఒక మాట చెప్పి ఉంచండి.

పరీక్షల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. థైరాయిడ్ కోసం టోటల్ టీ4, అంటే రక్తంలో ఆ హార్మోను ఎంతుందో చెప్పే పరీక్ష చేయించాలి. చాలా చిన్న క్లినిక్‌లు రక్తం తీసి మనుషుల ల్యాబ్‌కి పంపిస్తాయి. రిపోర్టులో నార్మల్ అని పక్కన అచ్చయ్యే రేంజ్ మనుషులది. మనుషులకు టీ4 ఇంచుమించు 5 నుంచి 12 వరకు (డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో) ఉంటుంది. పిల్లికి 4 దాటి 5 దగ్గరికొస్తే చాలు, అనుమానించాలి. అంటే 8 వచ్చిన పిల్లికి థైరాయిడ్ బాగా ముదిరినట్టు, కానీ ఆ కాగితం మీద మాత్రం నార్మల్ అనే ఉంటుంది! అది చూసి థైరాయిడ్ బాగానే ఉందిలే అనుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ విషయంలో దీనికి తలకిందులు. 1.4 వస్తే మనుషుల లెక్కలో ఎక్కువని ఎర్రగా చూపిస్తుంది, పిల్లికి మాత్రం ఆ అంకె ఒక్కటే భయపడాల్సింది కాదు. అందుకే రక్తం జంతువుల ల్యాబ్‌కే వెళ్తోందా అని ముందే అడగండి. సంకోచపడొద్దు, అది మీ హక్కు.

టీ4తో పాటు క్రియాటినిన్, యూరియా, ఫాస్ఫరస్, పొటాషియం, షుగర్, రక్తకణాల లెక్క చేయించండి. వీలైతే ఎస్‌డీఎంఏ కూడా, అదీ కిడ్నీల కోసం చేసే రక్తపరీక్షే. కండ కరిగిపోయిన పిల్లిలో క్రియాటినిన్ తక్కువగా కనబడి మోసం చేస్తుంది, ఎస్‌డీఎంఏ అంతగా మోసం చేయదు. షుగర్ ఒక్కటే కాస్త ఎక్కువ వస్తే వెంటనే డయాబెటిస్ అనుకోకండి, భయపడ్డ పిల్లికి క్లినిక్ బల్ల మీదే షుగర్ పెరుగుతుంది. నిజమా కాదా తేల్చడానికి ఫ్రక్టోసమైన్ అనే వేరే పరీక్ష ఉంది. చిట్టి నడిచేటప్పుడు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనుతున్నాయేమో మాత్రం గమనించి డాక్టరుకు చెప్పండి, డయాబెటిస్ ముదిరిన పిల్లులు కొన్ని అలా నడుస్తాయి.

మూత్ర పరీక్ష లేకుండా కిడ్నీల గురించి ఎవరేం చెప్పినా అది సగం మాటే. అందులో స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె చూడాలి. మంచి కిడ్నీలున్న పిల్లి మూత్రం చిక్కగా, సాధారణంగా 1.035 పైన ఉంటుంది. దాహం ఎక్కువై, మూత్రం నీళ్లలా పలచబడి, ఆ అంకె కిందికి దిగితే కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేకపోతున్నాయని అనుమానించాలి. డాక్టరు కడుపు మీదుగా సన్నటి సూదితో మూత్రం తీస్తామంటే కంగారుపడకండి. వినడానికి భయంగా ఉంటుంది గానీ క్షణంలో అయిపోతుంది, పైగా ఇన్ఫెక్షన్ ఉందో లేదో ఆ శాంపిల్‌లోనే కచ్చితంగా తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు కిడ్నీలకు రక్తం ఉరకలేస్తూ వెళ్తుంది. దాంతో లోపల దెబ్బతిన్న కిడ్నీ కూడా రిపోర్టులో బాగున్నట్టు కనిపిస్తుంది. మందు మొదలుపెట్టి థైరాయిడ్ అదుపులోకి వచ్చాక, అప్పటిదాకా దాగి ఉన్న కిడ్నీ జబ్బు బయటపడుతుంది. చాలామంది అప్పుడు మందు వల్లే కిడ్నీ పోయిందని మానేస్తారు. మందు చెడగొట్టలేదు, తెర తీసింది. అందుకే మెథిమజోల్ గానీ కార్బిమజోల్ గానీ మొదలుపెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో టీ4, క్రియాటినిన్ రెండూ మళ్లీ చూసి మోతాదు సరిచేయాలి. మాత్ర జీవితాంతం వేయాల్సి ఉంటుంది. మొదటి వారాల్లో కొన్నింటికి వాంతులు, ముఖం మీద విపరీతమైన దురద వస్తాయి. వస్తే ఓర్చుకుంటుందిలే అని చూడకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఆ మాత్రలను చేత్తో ముట్టుకోకూడదు.

బీపీ. ఈ ఒక్కటీ చూడకుండా వదిలేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. థైరాయిడ్, కిడ్నీ రెండు జబ్బుల్లోనూ బీపీ పెరుగుతుంది. పై అంకె 160 దాటితే కళ్లు, మెదడు, గుండె, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. రాత్రి అరుపులకు అదే కారణం కావచ్చు కూడా. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన తన పిల్లిని పొద్దున్నే తీసుకొచ్చారు. నిన్న రాత్రి బాగానే ఉంది, పొద్దున లేచి తలుపుకు గుద్దుకుంటోంది అన్నారు. కిటికీ దగ్గర ఎండలో పెట్టి చూశాను. అంత వెలుతురులోనూ కంటిపాపలు రెండూ పూర్తిగా విప్పారి నల్లటి గోళీల్లా ఉన్నాయి, టార్చి వేసినా కదల్లేదు. బీపీ వల్ల కంటి లోపలి పొర ఊడిపోయింది. నాలుగు నెలలుగా రాత్రిళ్లు అరుస్తోందని, వయసు కదా అనుకున్నానని ఆయన చెబుతూ చెబుతూ ఆగిపోయారు. చూపు తిరిగి రాలేదు. బీపీకి రోజూ వేసే చిన్న మాత్ర ఉంది, అది నాలుగు నెలల ముందు మొదలుపెట్టి ఉంటే ఆ కళ్లు చాలావరకు నిలిచేవి. చిట్టిని తీసుకెళ్లినప్పుడు రక్తం తీయకముందే, కాసేపు నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, బీపీ నాలుగైదుసార్లు చూడమని చెప్పండి. సూది గుచ్చాక చూసే బీపీ నమ్మలేం.

దుప్పటి మీద మూత్రం గురించి మీరు బాధపడుతూ, అలిగి చేస్తోందేమో అని రాశారు. పిల్లులు అలిగి అలా చేయవండి. ఎక్కువ నీళ్లు తాగితే ఎక్కువ మూత్రం వస్తుంది, మూత్రానికి పెట్టిన ఇసుక ట్రే తడిసి ముద్దయితే మెత్తటి చోటు వెతుక్కుంటుంది. ముసలి ఆడపిల్లులకు మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. ఇంకో కారణం కీళ్లు. ఎక్స్‌రే తీస్తే 12 ఏళ్లు దాటిన పిల్లుల్లో పదింట తొమ్మిదింటికి కీళ్లు అరిగినట్టు కనిపిస్తుంది. అయినా కుంటేవి తక్కువ. దూకడం మానేస్తాయి, అంతే.

మా ఇంట్లో ఉండిన పిల్లి రోజూ మధ్యాహ్నం ఫ్రిజ్ మీద పడుకునేది. పన్నెండో ఏట సోఫా మీదికి మారింది. ఫ్రిజ్ మీద వేడిగా ఉందేమో అనుకున్నాను. తర్వాత నేల మీద చాప మీదికి మారింది. ఒకరోజు అది సోఫా ఎక్కబోయి, ముందుకాళ్లు పైన పెట్టి, వెనకకాళ్లు ఎత్తలేక అలాగే ఆగిపోయి, చుట్టూ చూసి మెల్లగా దిగిపోయింది. చూసేవరకు నాకు అర్థం కాలేదు. రోజూ ఇతరుల పిల్లుల కీళ్లు పట్టి చూసేవాణ్ణి, ఇంట్లో ఉన్నదాని నొప్పి ఏడాది పాటు పోల్చుకోలేకపోయాను. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే చెబుతున్నా, చిట్టి ఇదివరకు ఎక్కి ఇప్పుడు ఎక్కని చోట్లు ఏమిటో ఇంట్లో అందరూ కూర్చుని గుర్తుచేసుకోండి. ట్రే గోడ ఒకవైపు నాలుగు వేళ్ల ఎత్తుకి కోసేయండి, మంచం పక్కన పీట వేయండి, పడుకునే చోట మందపాటి బొంత పరవండి.

నొప్పికైనా నిద్రకైనా ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి ఆడదు. జ్వరం తగ్గాలని పిల్లల సిరప్ పోసి తీసుకొచ్చినవాళ్లను చూశాను, ప్రేమతోనే పోశారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కూడా ముట్టొద్దు. కుక్కలకు పేల మందుగా మెడ మీద వేసే చుక్కలు కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, అదీ పిల్లులకు ప్రాణాంతకమే. పక్కవాళ్లింట్లో కుక్క ఉందని రాశారు కాబట్టి చెబుతున్నాను.

తీసుకెళ్లేలోపు ఇంట్లో మీరు చేయగలిగింది చాలా ఉంది. లగేజీ తూచే చిన్న డిజిటల్ కొక్కెం తక్కువ ధరకే దొరుకుతుంది. క్యారియర్‌లో పిల్లిని పెట్టి దానికి తగిలించి తూచండి, తర్వాత ఖాళీ క్యారియర్ బరువు తీసేయండి. మీరు ఎత్తుకుని మనుషుల మెషిన్ మీద నిలబడితే వంద, రెండొందల గ్రాముల తేడా తెలియదు, పిల్లికి ఆ తేడానే ముఖ్యం. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గడమంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు. వారానికోసారి, అదే రోజు, అదే వేళకు తూచి క్యాలెండర్ మీద రాయండి. నీళ్లు కొలిచి పోసి, 24 గంటల తర్వాత మిగిలింది కొలవండి. ఆ రోజు బాత్రూం తలుపు వేసి ఉంచండి, లేకపోతే లెక్క బకెట్ దగ్గర పోతుంది. కిలో బరువుకి రోజుకి 50 మిల్లీలీటర్ల వరకు మామూలు. నాలుగు కిలోల పిల్లి 400 మిల్లీలీటర్లు తాగుతుంటే అది కచ్చితంగా జబ్బే. ట్రేలో గడ్డకట్టే ఇసుక వాడుతుంటే ఆ ఉండలు చూడండి. నిమ్మకాయంత ఉండాల్సినవి బత్తాయంత అవుతున్నాయా? అదీ రాయండి.

నిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు పైకి లేచి దిగడం ఒక నిమిషం లెక్కపెట్టండి, 30 లోపు ఉండాలి. చివరగా వీపు మీద చేయి వేసి నిమరండి. వెన్నుపూసలు బిగించిన పిడికిలి మీది ఎముకల్లా వేళ్లకు విడివిడిగా తగులుతుంటే కండ కరిగిపోయిందని అర్థం. బొచ్చు ఎక్కువున్న పిల్లిలో కంటికి కనబడనిది చేతికి తెలుస్తుంది. రాత్రి అరుపు ఫోన్‌లో వీడియో తీయండి. అరిచేటప్పుడు ఎటు చూస్తోంది, మీరు పిలిస్తే ఆగుతోందా, తడబడుతోందా అన్నది డాక్టరుకు మాటల కంటే అందులోనే తెలుస్తుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పాలన్నం, పెరుగన్నం మీద ముసలి పిల్లి నిలబడదు, దానికి మాంసమే కావాలి. చికెన్ ఉడికిస్తే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. కానీ ఉత్త చికెన్ మీదే నెలల తరబడి ఉంచకండి, పిల్లుల కోసం చేసిన తడి ప్యాకెట్లు కలపండి, నీళ్లూ కొంత లోపలికి వెళ్తాయి. కిడ్నీ డైట్ అని అమ్మే తిండి రిపోర్టులు రాకముందు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. మన ఊరి ఎండల్లో ఇంట్లో మూడు నాలుగు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టండి. ఎక్కువ తాగుతోందని నీళ్లు తగ్గించడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఆ కిడ్నీలు నిలబడేదే ఆ నీళ్ల మీద.

ఎక్కడికి వెళ్లాలని అడిగారు. మీకు చాదర్‌ఘాట్, కోఠి మీదుగా నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల దగ్గర. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, అది పి.వి. నరసింహారావు పేరు మీదున్న పశువైద్య విశ్వవిద్యాలయానిది. బయలుదేరే ముందు వేళలు, పిల్లికి బీపీ చూసే పరికరం ఉందా అన్నది కనుక్కోండి. ప్రైవేటులో చూపించినా ఇదే అడగండి. క్యారియర్ మూడు రోజుల ముందే హాల్లో తెరిచిపెట్టి, లోపల మీ పాత చీర పరిచి, అందులోనే తిండి పెట్టండి. ఆటోలో పైన తువ్వాలు కప్పి ఒళ్లో పెట్టుకోండి. కుక్కలు మొరిగే వరండాలో గంటసేపు కూర్చోబెట్టకుండా, వీలైతే మీరు వరుసలో నిలబడి, చిట్టిని ఇంకొకరి దగ్గర బయట ఉంచండి.

పరీక్షలన్నీ బాగున్నాయని తేలితే అప్పుడు మెదడు మందగించడం గురించి ఆలోచిద్దాం. మనుషుల్లో మతిమరుపు జబ్బు లాంటిది పిల్లులకూ వస్తుంది, 15 ఏళ్లు దాటినవాటిలో సగానికి దాని లక్షణాలు ఏవో కొన్ని ఉంటాయి. గది మధ్యలో నిలబడి ఎక్కడున్నానో తెలియనట్టు చూడటం, పగలు నిద్ర, రాత్రి తిరుగుడు. చెవుడు వచ్చినా అరుపు పెద్దదవుతుంది, తన గొంతు తనకే వినబడదు. ఏ కారణమైనా ఈలోపు హాల్లో చిన్న నైట్ లైట్ వేసి ఉంచండి, సాయంత్రం కాసేపు ఆడించండి, పడుకోబోయే ముందు కొంచెం తిండి పెట్టండి. అరిచినప్పుడు కసరొద్దు. వెళ్లి పక్కన కూర్చుని చేయి వేస్తే చాలాసార్లు సద్దుమణుగుతుంది.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నోరు తెరిచి రొప్పడం, ఉన్నట్టుండి చూపు పోవడం, వెనక కాళ్లు పడిపోయి పాదాలు చల్లబడి కేకలు పెట్టడం, మూత్రానికి పదేపదే కూర్చున్నా చుక్క రాకపోవడం, రోజంతా ముద్ద ముట్టకపోవడం. అప్పుడు ఎంత రాత్రయినా బయలుదేరాలి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం కొవ్వుపట్టి చెడిపోయే ప్రమాదం ఉంది, మనుషుల ఉపవాసం లాంటిది కాదది.

మీరు అడిగిన ఇంజెక్షన్ గురించి. ఆ రోజు కొన్ని పిల్లులకు వస్తుంది, వచ్చినప్పుడు దాన్ని వాయిదా వేయడం తప్పని యజమానులకు నేనే చెబుతాను. తిండి మానేసి, ఒంటిని నాక్కోవడం మానేసి, మీరు వచ్చినా తల ఎత్తకుండా మూలన పడి ఉండి, మందులకు లొంగకపోతే అప్పుడు. చిట్టి ఇంకా తిండి కోసం మీ కాళ్లకు అడ్డం పడుతోంది, బకెట్ దాకా నడిచి నీళ్లు వెతుక్కుంటోంది. ఈ వారంలో తూకం, నీళ్ల లెక్క మొదలుపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీపీ, టీ4, క్రియాటినిన్ అంకెలు వచ్చాక, ఏ ల్యాబ్ రేంజ్ పక్కన ఉందో దానితో సహా రాయండి. మూత్రం రిపోర్టు చేతికి ఇవ్వగానే అక్కడే విప్పి స్పెసిఫిక్ గ్రావిటీ వరుస ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కౌంటర్ దగ్గర్నుంచి కదలకుండా, మిగిలిన శాంపిల్‌తో చేసి ఇమ్మని అడగండి.